ఉయ్యాల పాటకు లైసెన్స్ ఎవరిస్తారు?

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు కోలాటం, బతుకమ్మ గ్రూపులు నడిపేవాళ్లందరిలో ఈమధ్య ఒకటే టెన్షన్. స్టేజీ మీద పాడితే ఎవరికన్నా డబ్బు కట్టాలా? వీడియో పెడితే కాపీరైట్ పడుతుందా? ఈ భయంతో పాటలే మార్చుకుంటున్న గ్రూపులున్నాయి. అత్త దగ్గర నేర్చుకున్న పాటను పక్కన పెట్టి, ఎవరో "ఇది సేఫ్" అని పంపిన ట్రాక్ పెట్టుకుని ఆడుతున్నారు. వాళ్లు పక్కన పెట్టిన పాటకు ఈ దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెట్టుకున్న ట్రాకుకే అనుమతి కావాలి.

నేను బడిలో తెలుగు చెప్తాను. సాయంత్రాలు మా ఊరి ఆడవాళ్లతో కలిసి పాడతాను. ఈ భయం మా గ్రూపులోకి కూడా వచ్చాక కాపీరైటు చట్టం తెచ్చుకుని కూర్చుని చదివాను. చదివిన కొద్దీ నాకు బాధ, కోపం రెండూ పెరిగాయి. మనకు లేని బాకీకి భయపడుతున్నాం. మనకున్న హక్కును మాత్రం ఒక్కరం కూడా అడగడం లేదు.

ముందు బాకీ సంగతి. మన చట్టం 1957 నాటిది. పాట రాసిన మనిషి బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు దాని మీద హక్కు నడుస్తుంది. 1992 దాకా ఇది 50 ఏళ్లే, రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు తీరిపోతున్న సమయంలో పదేళ్లు పెంచారు. పాటను చట్టం ముక్కలుగా చూస్తుంది. మాటలు ఒక రచన, బాణీ ఇంకొకటి, రికార్డింగ్ మూడోది. రికార్డింగ్‌కు విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్లు. మూడింటికీ ముగ్గురు వేరువేరు హక్కుదారులు ఉండొచ్చు, లేదా మొదటి రెండింటికీ అసలు ఎవరూ లేకుండా మూడోదానికి మాత్రమే ఉండొచ్చు. మన పాత పాటల విషయంలో సాధారణంగా జరిగేది ఈ చివరిదే.

సద్దుల బతుకమ్మ నాడు పాడే ఉయ్యాల పాటలున్నాయి, నాట్ల పాటలున్నాయి, ఇసుర్రాయి దగ్గర పాడినవి, పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు పాడేవి ఉన్నాయి. ఎవరు కట్టారో తెలియదు, ఎన్ని తరాల కిందటివో తెలియదు. ఊరు మారితే మాట మారుతుంది, చేయి మారితే చప్పట్ల వరుస మారుతుంది. వీటి మాటల మీద, బాణీ మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఒక కంపెనీ ఇదే పాటను కీబోర్డు, ప్యాడ్స్ పెట్టి రికార్డు చేసి విడుదల చేస్తే ఆ రికార్డింగ్ వాళ్లది, వాళ్లు కొత్తగా కలిపిన సంగీతం వాళ్లది, కొత్తగా రాసిన చరణాలుంటే అవీ వాళ్లవే. పాత పాట మాత్రం ఎప్పటిలాగే అందరిదీ. మీరు మీ గొంతుతో, మీ అవ్వ పాడినట్టు పాడితే వాళ్లకు కట్టాల్సింది ఏమీ లేదు. రాసిన మనిషి పేరు తెలిసినా గడువు ఎప్పుడో తీరిపోయిన పాత వాగ్గేయకారుడు మన్యంకొండ హనుమద్దాసు కీర్తనలు పాడే భజన మండళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

అయితే స్టేజీ మీద "ఇప్పుడొక జానపద గేయం" అని చెప్పి ఎత్తుకునే ప్రతి పాటా ఈ కోవలోది కాదు. మన నల్లగొండలో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఉద్యమం నుంచి పుట్టిన పాటలు జనం నోట్లో పడి ఎవరివో తెలియనంతగా కలిసిపోయాయి. "పల్లెటూరి పిల్లగాడా" పాటను మా బడి పిల్లలు కూడా ఊరి పాటే అనుకుంటారు. అది సుద్దాల హనుమంతు రాసింది. ఆయనది మన ఉమ్మడి నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామమే. 1982లో పోయారు, కాబట్టి ఆయన పాటల మీద హక్కు 2042 చివరిదాకా ఉంటుంది. గద్దర్ 2023లో పోయారు. ఆయన రాసిన పాటల మీద 2083 దాకా ఉంటుంది. "పల్లె కన్నీరు పెడుతుందో" రాసిన గోరటి వెంకన్న నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం మనిషి, మన మధ్యనే ఉన్నారు. వీళ్ల పాటలను పేరు చెప్పకుండా "జానపదం" కింద వేసేయడం నాకు నచ్చదు. జనం పాడుకోవాలనే వాళ్లు రాశారు, నిజమే. పేరు తీసేయమని మాత్రం ఎవరూ రాయలేదు. మా గ్రూపులో నియమం ఒకటే: కవి తెలిసిన పాటకు ముందు కవి పేరు, ఊరు చెప్పి మొదలుపెడతాం. చెప్పడానికి పట్టేది ఒక్క క్షణం.

ఇక ఫంక్షన్ హాళ్ల సంగతి. నల్లగొండలో ఒక హాల్లో మహిళా సంఘాలు పెట్టుకున్న బతుకమ్మ కార్యక్రమానికి మా గ్రూపును పిలిచారు. డప్పు, డోలక్, తాళాలు, మా గొంతులు, అంతే. టికెట్ లేదు. మేనేజర్ వచ్చి "మేడమ్, మ్యూజిక్ లైసెన్స్ కాగితం చూపిస్తేనే మైక్ ఇస్తాం" అన్నాడు. ఏ మ్యూజిక్‌కు లైసెన్స్ అన్నా అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. "అందరినీ అడగమన్నారు" అన్నాడు. చివరికి నిర్వాహకులు బతిమాలి ఒప్పించారు. పాడాం. కానీ మాతో వచ్చిన ముసలమ్మల్లో ఒకామె ఇంటికి వెళ్తూ, "మన పాటకు కూడా పట్టా అడుగుతున్నరా బిడ్డా?" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

లైసెన్స్ అడిగే సంస్థలు లేవని కాదు. మాటల, బాణీల హక్కులు చూసుకునే ఐపీఆర్ఎస్ 1969 నుంచి ఉంది, రికార్డింగుల హక్కులు చూసుకునే పీపీఎల్ 1941 నుంచి ఉంది. కవులకు, సంగీతకారులకు డబ్బు చేరాలంటే అలాంటి వ్యవస్థ కావాలి, నేను దానికి వ్యతిరేకిని కాను. హోటల్లో రోజంతా సినిమా పాటలు పెట్టి వ్యాపారం చేసుకునేవాళ్లు కట్టాల్సిందే. కానీ వాళ్లు లైసెన్స్ ఇవ్వగలిగేది వాళ్ల చేతిలో ఉన్న రచనలకు మాత్రమే. ఎవరి చేతిలోనూ లేని పాటకు ఎవరిస్తారు? అలా ఎవరన్నా అడిగితే మన నోటి నుంచి రావాల్సిన మొదటి ప్రశ్న: "ఏ పాట, ఏ రచన మీద, ఎవరి హక్కు?" రాతపూర్వకంగా అడగాలి. హక్కు లేకుండా కేసు వేస్తామని బెదిరిస్తే మనమే కోర్టుకు వెళ్లి ఆపించుకునే వీలు చట్టంలోని 60వ సెక్షన్‌లో ఉంది.

కాపీరైట్ ఉన్న పాటలకు కూడా చట్టం కొన్ని తలుపులు తెరిచే ఉంచింది. అవి 52వ సెక్షన్‌లో ఉన్నాయి. డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక సంఘం పాడితే ఉల్లంఘన కాదు. నిజమైన మతపరమైన వేడుకలో, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల, స్థానిక సంస్థల అధికారిక వేడుకలో పాడినా, రికార్డు పెట్టినా ఉల్లంఘన కాదు. మతపరమైన వేడుక అన్నదాంట్లో పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా వస్తాయని చట్టమే వివరణ ఇచ్చింది. 2023 జులైలో కేంద్రం దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇచ్చి, ఇలాంటి వేడుకలకు రాయల్టీ అడగొద్దని చెప్పింది. పెద్ద హోటళ్లలో ఈవెంట్ కంపెనీలు చేసే పెళ్లిళ్లకు ఇది ఎంతవరకు వర్తిస్తుందని కోర్టుల్లో వాదనలు నడిచాయి. మన ఊళ్లో బరాత్‌కు ఆ గొడవ లేదు. 2014 నుంచి బతుకమ్మ రాష్ట్ర పండుగ. కలెక్టరేట్‌లోనో మున్సిపాలిటీ మైదానంలోనో అధికారికంగా జరిగేదానికి రక్షణ స్పష్టంగా ఉంది. కాలనీలో గౌరమ్మను పెట్టి, పూజ చేసి ఆడేది మతపరమైన వేడుక కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. టికెట్ పెట్టి, డీజే పెట్టి, స్పాన్సర్ల బ్యానర్లతో రిసార్టులో నడిపే బతుకమ్మ వేరు. అక్కడ వాడే రికార్డులకు డబ్బు కట్టమంటే అది న్యాయమే.

ఔత్సాహిక సంఘాలకు ఇచ్చిన ఆ మినహాయింపు పాడటానికే, ట్రాక్ వేయడానికి కాదు. ఇది గ్రూపులవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ వేసి ఆడటం అలవాటయ్యాక మన చేతుల్లోంచి పోయింది కాపీరైట్ భద్రత ఒక్కటే కాదు. ట్రాక్‌కు ఎప్పుడూ ఒకటే వేగం. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ కోసం అది ఆగదు, కొత్త పిల్ల అడుగు తప్పితే అది తగ్గదు. పాడేవాళ్లు నలుగురు ముందు పాడితే మిగతావాళ్లు అందుకునే పద్ధతి పోతే, నేర్చుకునే దారే పోతుంది. మా దగ్గర ఇప్పుడు ట్రాక్ లేదు. డోలక్ కొట్టేవాళ్లు దొరక్క కష్టపడిన రోజులున్నాయి, అప్పుడు చప్పట్లతోనే ఆడాం.

యూట్యూబ్‌లో జరిగేది ఇంకో రకం అన్యాయం. ఒక ఛానెల్ మన పాత పాటను రికార్డు చేసి, డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఆ రికార్డింగ్‌ను యూట్యూబ్ గుర్తింపు వ్యవస్థలో నమోదు చేయిస్తుంది. ఆ యంత్రం కొత్తగా వచ్చే ప్రతి వీడియోనూ దానితో పోల్చి చూస్తుంది. బాణీ దగ్గరగా ఉంటే మనం సొంతంగా పాడినా పట్టుకునే అవకాశముంది. మా వీడియో ఒకదానికి ఇలాగే క్లెయిమ్ వచ్చింది. పాడింది మేము, పాట మా అవ్వలది, ప్రకటనల డబ్బు మాత్రం ఎవరో తెలియని ఛానెల్‌కు. అలా వచ్చినప్పుడు భయపడి వీడియో తీసేయకండి. అందరి సొత్తయిన పాటను అందులో నమోదు చేయకూడదని యూట్యూబ్ నియమాల్లోనే ఉంది. డిస్ప్యూట్ నొక్కి, "సంప్రదాయ పాట, మా సొంత గొంతు, మా సొంత వాద్యాలు" అని రాయండి. క్లెయిమ్ వేసినవాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే అది దానంతటదే పోతుంది. మాది అలాగే పోయింది. వాళ్లు జవాబే ఇవ్వలేదు.

ఇప్పటిదాకా చెప్పింది భయం తీర్చుకోవడానికి. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వేరు.

పాత పాటకు హక్కుదారు లేకపోవచ్చు. ఆ పాటను పాడిన గొంతుకు హక్కు ఉంది. 1994లో మన చట్టంలోకి ప్రదర్శకుల హక్కు వచ్చింది, 1999లో దాని గడువు 50 ఏళ్లయింది, 2012లో ఇంకా బలపడింది. దాని ప్రకారం మీ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉయ్యాల పాట పాడితే, ఆ పాడటం ఒక ప్రదర్శన. ఆమె ఒప్పుకోకుండా దాన్ని రికార్డు చేసి వ్యాపారానికి వాడుకునే హక్కు ఎవరికీ లేదు. ఆమె పేరు వేయమని అడిగే హక్కు ఆమెకు ఉంది. ఆమె పరువు పోయేలా గొంతును కత్తిరించి, వంకర చేసి వాడితే ఆపించే హక్కు ఉంది. సినిమాలో వాడటానికి సంతకం పెట్టినా, ఆ ప్రదర్శనను వాణిజ్యంగా వాడినప్పుడు రాయల్టీ అడిగే హక్కు మిగిలే ఉంటుంది. చదువు రాకపోయినా, పాట తనది కాకపోయినా, ఈ హక్కులన్నీ ఆమెవే. సంగీత కళాశాలలో చదివిన గాయనికి ఎంత ఉందో ఆమెకూ అంతే ఉంది.

ఇది తెలిసిన రోజు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఒక ఛానెల్ వాళ్లు ఊరికొచ్చి, ఆమెతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాడించుకుని, ఒక చీర, కొంచెం డబ్బు చేతిలో పెట్టి పోయారు. ఆ వీడియో లక్షల మంది చూశారు. కింద ఛానెల్ పేరుంది, కెమెరామన్ పేరుంది, ఎడిటింగ్ ఎవరో ఉంది. ఆమె పేరు లేదు. "పల్లె అవ్వ పాట" అని ఉంది. ఆ తరవాత అదే పాటను ఒక యువ గాయనితో స్టూడియోలో పాడించి విడుదల చేశారు. అక్కడ మాటల కింద రచయిత అని ఇంకెవరి పేరో వేశారు. పెద్దమ్మకు చూపిస్తే, "పోనీ బిడ్డా, పాట బతికింది గదా" అంది. ఆమె అలా అనడం ఆమె మంచితనం. దాన్ని అడ్డం పెట్టుకుని మనం ఊరుకోవడం మంచితనం కాదు.

2021లో "సారంగదరియా" సినిమాలోకి వచ్చినప్పుడు తెలుగు టీవీల్లో పెద్ద చర్చ జరిగింది. అంతకుముందు టీవీలో ఆ పాట పాడిన జానపద గాయని తనకు గుర్తింపు కావాలని అడిగింది. పాట ఎవరిది, సేకరించినవాళ్లదా రాసినవాళ్లదా అన్న దగ్గరే చర్చ తిరిగింది. సేకరించినంత మాత్రాన పాట మీద కాపీరైట్ రాదు, ఇది చట్టం. అయితే ఆ చర్చలో ప్రదర్శకుల హక్కు గురించి నాకు పెద్దగా వినిపించలేదు. అంత పేరున్న పాటకే ఆ హక్కు గుర్తుకు రాకపోతే మా పెద్దమ్మకు ఎవరు చెప్తారు?

మన దగ్గర గొంతుల లోటు లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం నుంచి పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని తిరిగిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. ఆ గౌరవాలు చూసి నేను ఎంతో సంతోషించాను. కానీ పద్మశ్రీ ఒకరికో ఇద్దరికో వస్తుంది. ప్రదర్శకుల హక్కు పాడే ప్రతి ఒక్కరికీ ఇప్పటికే ఉంది, ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

పాత పాట అందరిదీ అని నేను పైన రాశాను. దాని మీద నాకే ఒక పట్టింపు ఉంది. డక్కలివాళ్ల కిన్నెర కథ, గొల్ల సుద్దులు, ఒగ్గు కథ, తండాల్లో తీజ్ పండుగకు లంబాడా ఆడపిల్లలు పాడే పాటలు ఊరందరివీ కావు. అవి ఒక కులానివి, ఒక తెగవి, కొన్నిసార్లు కొన్ని కుటుంబాలవి. ఆశ్రిత కులాలవాళ్లు, అంటే వేరే కులాలను ఆశ్రయించి కథలు చెప్పి బతికేవాళ్లు, ఊళ్లను పంచుకుని, ఏ ఊరికి ఏ కుటుంబం వెళ్లాలో నిర్ణయించుకున్నారు. దాన్ని మిరాశి అంటారు. ఆ కట్టుబాటు కాగితం మీద లేకపోయినా తరాలుగా నడిచింది. కాపీరైటు చట్టానికి ఇది అర్థం కాదు. దానికి రచయిత అనే ఒక మనిషి కావాలి, అతను చనిపోయిన తేదీ కావాలి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, వేరేచోట నేసిన బట్టను ఆ పేరుతో అమ్మకూడదు. కానీ ఆ చట్టం వస్తువులకే, పాటకు కాదు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థలో సంప్రదాయ కళల గురించి 2000 నుంచి ఒక కమిటీ చర్చిస్తోంది. 2024లో ఒప్పందం కుదిరింది గానీ అది జన్యు వనరులు, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం గురించి. పాటల వంతు ఇంకా రాలేదు.

కాబట్టి తండా పాటను తండా బయటివాళ్లు రికార్డు చేస్తే చట్టం ఇవాళ అడ్డుకోదు. అడ్డుకోదని చేసేయొచ్చా? నా దృష్టిలో చేయకూడదు. అడగాలి, పేరు వేయాలి, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలి. ఇలా హక్కులంటూ పోతే పాట ఆగిపోతుందని నాతో కొందరు మిత్రులు వాదిస్తారు. పాట ఇంతకాలం బతికిందే ఎవరూ ఆపకపోవడం వల్ల అంటారు. ఆ మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను, అందుకే పాత పాటకు లైసెన్స్ అడిగేవాళ్ల మీద ఇంత రాశాను. పాడుకోవడానికి అడ్డం ఉండకూడదు, ఏ పిల్ల అయినా ఏ ఊళ్లో అయినా పాడుకోవాలి. కానీ ఒక మనిషి గొంతును పట్టుకుపోయి అమ్ముకోవడం పాడుకోవడం కాదు. పెద్దమ్మ పేరు వేస్తే ఏ పాట ఆగుతుంది? ఆమె ఖాతాలో కొంత డబ్బు వేస్తే ఏ బతుకమ్మ ఆగుతుంది?

గ్రూపులు నడిపేవాళ్లు, ఊళ్లలో పెద్దవాళ్ల పాటలు రాసుకునే పిల్లలు ఒక పని చేయండి. ప్రతి పాటకూ ఒక నోటుబుక్కులో ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరో, వాళ్లు ఎవరి దగ్గర విన్నారో, తేదీతో సహా రాసిపెట్టుకోండి. పాడే మనిషి ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసి, మొదట్లోనే ఆ మనిషి చేత పేరు, ఊరు చెప్పించండి. రేపు ఎవరన్నా ఆ పాట మాదే అని క్లెయిమ్ వేస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం ఇదే. భాషా సాంస్కృతిక శాఖ కూడా తాను పిలిచే ప్రతి బృందంలో పాడేవాళ్లందరి పేర్లూ వీడియోల్లో వేయాలని, రికార్డింగ్‌కు విడిగా అనుమతి తీసుకోవాలని నేను కోరుతున్నాను.

ఛానెల్ వాళ్లు ఊరికొచ్చినప్పుడు ఒక తెల్ల కాగితం ముందు పెట్టండి. పాడిన మనిషి పూర్తి పేరు వీడియో మొదట్లో, కింద రెండుచోట్లా వేస్తాం, పాటను సంప్రదాయ పాటగానే రాస్తాం, ఈ పాట మీద వేరేవాళ్ల మీద క్లెయిమ్ వేయం, ఆదాయంలో ఇంత వాటా ఇస్తాం, ఇంకోచోట వాడాలంటే మళ్లీ అడుగుతాం అని తెలుగులో రాయించి, చదివి వినిపించి, ఇద్దరి సంతకాలో వేలిముద్రలో తీసుకుని, ఒక కాపీ పాడిన మనిషి దగ్గరే ఉంచండి. మా ఊళ్లో ఈ కాగితం చూసి ఒక ఛానెల్ కెమెరా సర్దుకుని వెళ్లిపోయింది. ఇంకొకరు సంతకం పెట్టి, రికార్డు చేసుకుని, మా పెద్దమ్మ పేరు పెద్ద అక్షరాలతో వేశారు.